మారు అడిగేదెవరు?

ఇంగ్లీషువాళ్ల భోజనాల బల్ల దగ్గర ‘సెకండ్స్’ అనే మాట ఒకటి వినిపిస్తుంది. గడియారానికీ దానికీ సంబంధం లేదు. మన ‘మారు’కి అది చుట్టమే కానీ, అనుకున్నంత దగ్గరి చుట్టం కాదు.

ఒహాయోలో చదువుకుంటున్న రోజుల్లో మా ప్రొఫెసర్ గారు థాంక్స్‌గివింగ్ విందుకి ఇంటికి పిలిచారు. ఏటా నవంబరు నాలుగో గురువారం వాళ్లకి పెద్ద పండుగ. బల్ల మధ్యలో ఉన్న టర్కీ కోడి జోలికి నేను పోలేదు. నా వంతుకు మిగిలినవి మెత్తగా మెదిపిన బంగాళాదుంప, రొట్టె, క్రాన్‌బెర్రీ సాస్. ఆ సాస్ నాలుక్కి తగలగానే ప్రాణం లేచొచ్చింది. పంచదార ఎక్కువైన వాక్కాయ పచ్చడే అది! (అమెరికా తెలుగువాళ్లు ఆ కాయతో పప్పూ పచ్చడీ కూడా చేసుకుంటారని అప్పటికి నాకు తెలీదు.) పళ్లెం ఖాళీ అయింది. ప్రొఫెసర్ గారి భార్య దుంపల గిన్నె ఎత్తి పట్టుకుని నా వైపు చూసి ‘సెకండ్స్?’ అన్నారు.

ఏం సెకన్లో నాకు వెలగలేదు. గోడ గడియారం వంక చూశాను. పక్కన కూర్చున్న కుర్రాడు మోచేత్తో పొడిచి, ఇంకాస్త కావాలా అని అడుగుతున్నారని విడమరిచి చెప్పాడు. అర్థమయ్యాక, మా తెనాలి మర్యాద ప్రకారం వద్దండీ, చాలు అన్నాను. ఆవిడ చక్కగా నవ్వి గిన్నె అవతలికి జరిపేశారు. అంతే, మళ్లీ అడగలేదు. రెండోసారి అడిగితే ‘కొంచెమే’ అనాలనీ, మూడోసారికి పళ్లెం ముందుకు జరపాలనీ నేను మనసులో వేసుకున్న లెక్కంతా ఆ గిన్నెతోపాటే బల్ల చివరికి పోయింది. ఆ రాత్రి గదికొచ్చి మ్యాగీ ఉడకబెట్టుకున్నాను.

తప్పు ఆవిడది కాదు. వద్దంటే వద్దనే అర్థం అనుకునే మంచి మనిషి ఆవిడ. మాట తెలియకపోవడం నా తప్పు అని చాలాకాలం అనుకున్నాను. తర్వాత తెలిసింది, మాట తెలిసినా ఆ రాత్రి మ్యాగీయే గతి అని.

ఒక్క చెంచాకీ బహువచనమే

సెకండ్స్ అంటే రెండోసారి వేయించుకున్న తిండి. అన్నం కావచ్చు, కేకు కావచ్చు, సూపు కావచ్చు. నిఘంటువులు దీని పక్కన ‘వాడుక మాట’ అని గుర్తు పెడతాయి. రాజభవనంలో విందు పత్రిక మీద అచ్చువేసే మాట కాదిది. ఇంట్లో, బడిలో, హాస్టల్లో, సైనికుల మెస్‌లో పుట్టి పెరిగే రకం. తమాషా ఏమిటంటే, వేయించుకునేది ఒక్క చెంచాడైనా మాట మాత్రం ఎప్పుడూ బహువచనమే. ‘ఒక సెకండ్’ అని అడిగితే ఆగమంటున్నారు అనుకుంటారు. ఇందులో మనం నవ్వుకోవడానికేమీ లేదు. చుక్క నీళ్లయినా ‘నీళ్లు’ అని, గుక్కెడు పాలైనా ‘పాలు’ అని అనేది మనమేగా. మూడోసారి తెచ్చుకుంటే సరదాకి ‘థర్డ్స్’ అంటారు. మొదటిసారి పెట్టుకున్నదాన్ని మాత్రం ‘ఫస్ట్స్’ అని ఎవరూ అనరు. మొదటి వడ్డన ఎలాగూ ఉంటుంది కాబట్టి దానికో పేరు అక్కర్లేదు కాబోలు.

మాట మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ ‘సెకుండుస్’ అంటే వెంట వచ్చేది, అనుసరించేది. గంటను అరవై ముక్కలు చేస్తే వచ్చేది మొదటి చిన్న భాగం, దాన్ని మళ్లీ అరవై చేస్తే వచ్చేది రెండో చిన్న భాగం. ఆ రెండోదే గడియారంలో సెకను అయింది. అంటే నేను గోడ వంక చూడటం మరీ అంత తెలివితక్కువ పని కాదన్నమాట! పిండిమరలో మొదటి రకం తీశాక వచ్చే ముతక పిండినీ, మిల్లులో చిన్న లోపంతో పక్కన పడేసిన గుడ్డనీ కూడా సెకండ్స్ అనే అంటారు. బట్టల దుకాణం ముందు ‘సెకండ్స్ సేల్’ అన్న బోర్డు మన ఊళ్లలోనూ చూస్తాం. కొట్లో ఆ మాటకి విలువ తక్కువ, భోజనంలో ఎక్కువ. ఎవరైనా రెండోసారి వేయించుకున్నారంటే వండినవాళ్లకి అంతకంటే మెప్పు లేదు.

దీనికి అక్కలాంటి మాట ‘హెల్పింగ్’. వాళ్ల పాత వాడుకలో ‘హెల్ప్’ అంటే వడ్డించడం అనే అర్థం కూడా ఉంది. ‘హెల్ప్ యువర్‌సెల్ఫ్’ అన్నప్పుడు, మీ సాయం మీరే చేసుకోండి, నా మీద ఆధారపడకండి అని దెప్పుతున్నట్టు మనకి అనిపిస్తుంది. అసలర్థం మీరే వడ్డించుకోండి అనే. ఒకప్పుడు అక్కడా వడ్డించే చెయ్యి ఉండేది. ఇంటి యజమాని బల్ల కొసన నిలబడి, కాల్చిన మాంసాన్ని కత్తితో కోసి ఒక్కొక్కరి పళ్లెంలో వేసేవాడు. ‘హెల్పింగ్’ ఆ వేసేవాడి మాట. ‘సెకండ్స్’ తినేవాడి మాట. నాకు ఈ తేడాయే ముఖ్యంగా కనిపిస్తుంది.

గరిటె అవతల కుర్రాడు

ఇంగ్లీషు సాహిత్యంలో రెండోసారి వడ్డన అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది తొమ్మిదేళ్ల పిల్లాడు. చార్లెస్ డికెన్స్ 1837లో పత్రికలో ధారావాహికగా మొదలుపెట్టిన ‘ఆలివర్ ట్విస్ట్’లో అనాథ శరణాలయం లాంటి వర్క్‌హౌస్ ఒకటుంది. 1834లో వచ్చిన పేదల చట్టం తర్వాత అలాంటి చోట్ల తిండి కావాలనే పలచగా పెట్టేవారు. సుఖంగా ఉంటే జనం పనిమానేసి అక్కడే తిష్ఠ వేస్తారని భయం. పిల్లలకి రోజూ జావే, ఒక్కొక్కరికి ఒక్కో గిన్నె. ఆకలికి తట్టుకోలేక చీట్లు వేసుకుంటే ఆలివర్ పేరు వస్తుంది. గిన్నె పట్టుకుని వెళ్లి ఇంకొంచెం కావాలంటాడు. వడ్డించేవాడు బిత్తరపోయి, తేరుకుని, గరిటెతో వాడి నెత్తిన ఒకటి వేస్తాడు. అధికారుల దగ్గరికి కబురు వెళ్తుంది. కుర్రాణ్ణి ఎవరైనా తీసుకుపోతే అయిదు పౌన్లు ఎదురిస్తామని గేటుకి కాగితం అంటిస్తారు.

ఆ ఘట్టంలో సెకండ్స్ అనే మాట లేదు. కానీ ఆ మాట వెనకున్న భంగిమ అంతా ఉంది. గిన్నె తినేవాడి చేతిలో ఉంది, నడిచి వెళ్లేవాడూ వాడే, నోరు విప్పి అడిగేవాడూ వాడే. ‘గోయింగ్ బ్యాక్ ఫర్ సెకండ్స్’ అంటారు చూడండి, అందులో వెళ్లడం ఉంది. తెచ్చి పెట్టడం లేదు.

ధనవంతుల బల్ల దగ్గరా అడగడానికి జంకే. విక్టోరియా కాలపు మర్యాద పుస్తకాలు సూపునీ చేపనీ రెండోసారి అడగవద్దని చెప్పేవి. ఒక్కడి కోసం తక్కిన బల్లంతా తర్వాతి వంటకం రాక కాచుక్కూర్చోవాలి మరి. రెండో ప్రపంచ యుద్ధంలో అయితే బ్రిటన్‌లో ప్రభుత్వమే అడ్డం నిలబడింది. 1940 జనవరిలో మొదలైన రేషను 1954 జులై దాకా నడిచింది. 1942 నుంచి హోటల్లో భోజనం అయిదు షిల్లింగులు దాటకూడదని, మూడు వంటకాలు మించకూడదని కట్టడి. జేబులో ఎంతున్నా అంతే. పద్నాలుగేళ్లపాటు ఒక దేశం మొత్తం పళ్లెం వైపు లెక్కగా చూడటం నేర్చుకుంది. వాళ్ల ఇళ్లలో వద్దంటే వద్దనే అర్థం చేసుకోవడంలో, బలవంతపెట్టకపోవడంలో, ఆ లెక్క కొంతైనా ఉండకపోదని నా అనుమానం. అనుమానమే, రుజువేమీ చూపలేను.

అక్కడి ఇళ్లలో ‘ఎఫ్.హెచ్.బి.’ అని ఒక రహస్య సంకేతం ఉంది. ‘ఫ్యామిలీ హోల్డ్ బ్యాక్’కి పొట్టి రూపం. అతిథులకి చాలకపోవచ్చు, ఇంటివాళ్లు చెయ్యి వెనక్కి తీసుకోండి అని తల్లి పిల్లల చెవిలో ఊదే మంత్రం. దానికి విరుగుడు ‘ఎం.ఐ.కె.’, అంటే ‘మోర్ ఇన్ కిచెన్’, వంటింట్లో ఇంకా ఉంది, తినండి అని. చదవగానే మా ఇల్లే కళ్లముందు నిలబడింది. మా అమ్మకి అక్షరాలు అక్కర్లేదు, కనుబొమ్మ చాలు. చుట్టాలు వచ్చినప్పుడు గారెల గిన్నె వైపు నా చెయ్యి వెళ్తే ఆ కనుబొమ్మ పైకి లేచేది, చెయ్యి కిందికి దిగేది.

మారు, కొసరు

మన మాట ‘మారు’. ‘పప్పు మారు వేసుకోండి’, ‘అల్లుడు గారికి పులిహోర మారు తెండి’. మారు అంటే సారి. పలుమార్లు, ముమ్మారు అనేటప్పుడు వినిపించే మారే ఇది. బదులు అనే అర్థమూ దానికుంది. మారుపేరు, మారువేషం, మారుతల్లి. అన్నం దగ్గర రెండు అర్థాలూ కలిసినట్టే ఉంటాయి. తిన్న ముద్దకి బదులుగా మరో ముద్ద. ఇది కోస్తా మాట. కడప, అనంతపురం వైపు ‘ఇంగ రోంత ఏసుకో’ అంటారు. తెలంగాణ ఇళ్లలో ‘ఇంక జర ఏస్కో’ అంటారు. పేరుంటేనే పెడతారా ఏమిటి, ఆ చెయ్యి మాత్రం అన్ని చోట్లా ఒకటే.

మారుకి తోడుగా కొసరు. అంగట్లో తూకం అయ్యాక పైన వేసే నాలుగు మిరపకాయలు కొసరు. కొలత ముగిశాక వచ్చేదే దానికి అందం. ఆ మాటనే వంటింట్లోకి తెచ్చి ‘కొసరి కొసరి వడ్డించడం’ అన్నాం. అమెరికాలో లూసియానావాళ్లకి కొసరు లాంటి మాటే ‘లాన్యాప్’ అని ఉంది. మార్క్ ట్వైన్ 1883లో అచ్చయిన మిసిసిపీ పుస్తకంలో ఆ మాటని మురిపెంగా పరిచయం చేశాడు. ఆయన ముందుగా చెప్పింది దుకాణం సంగతి. కొసరుని దుకాణం నుంచి విస్తరి దగ్గరికి మనమూ మోసుకొచ్చామని నా గర్వం.

పెళ్లి బంతి చూడండి. మారు అక్కడ తినేవాడి పని కాదు, వడ్డించేవాడి బాధ్యత. బకెట్‌తో వరసన నడుస్తూ ‘సాంబారు, సాంబారు’ అని కేక. వద్దనాలంటే నోటిమాట చాలదు, విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టాలి. అయినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పడుతుంది. వద్దు అనే మాటకి మన బంతిలో కనీసం మూడు అర్థాలున్నాయి. మొదటిది మర్యాద. రెండోది, నువ్వు నిజంగా అడుగుతున్నావా లేదా చూద్దామని పరీక్ష. మూడోది కడుపులోంచి వచ్చేది. ఏది ఏదో కనిపెట్టడం వడ్డించేవాడి చదువు. అందుకే కదా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదనే సామెత పుట్టింది.

ఒక్కసారే వడ్డించి ఊరుకోవడం మా అమ్మమ్మకి అపశకునం. చెంచాడైనా సరే, అన్నం రెండోసారి పడాల్సిందే. గిన్నెలో అన్నం అయిపోయినా లేదు అని పలికేది కాదు. ‘నిండుకుంది’ అనేది. ఖాళీ గిన్నెని నిండు గిన్నె అనే భాష మనది. ఆలివర్ ట్విస్ట్ మా అమ్మమ్మ వంటింట్లో ఉండి ఉంటే అడిగే అవసరమే రాకపోను. అయితే ఆవిడా ఒక సామెత వాడేది: అడగందే అమ్మయినా పెట్టదు. నా సిద్ధాంతానికి అడ్డం తగిలే సామెత ఇది. దాచిపెట్టడం న్యాయం కాదు.

దాచకూడనివి ఇంకో రెండున్నాయి. బంతి అందరిదీ కాదు. ఏ బంతిలో ఎవరు కూర్చోవాలో కులం చెప్పిన రోజులు మనవి. కొందరికి మారు కాదు, మిగిలింది దక్కేది, అదీ గడప అవతల. ఎన్టీఆర్ 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చేదాకా మెట్ట ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లకి వరి అన్నం పండుగ తిండే. జొన్న సంగటి, రాగి సంగటి తినే చోట కొలత ముద్ద. ఇంకో ముద్ద ఉందా లేదా అన్నదే ప్రశ్న.

రెండోది, ఇంట్లో అందరికీ మారు వడ్డించిన మనిషిని మారు అడిగిందెవరు? అమ్మ చివర్న, వంటింట్లో, అడుగంటిన కూరతో ఒక్కతే తినేది. నాకు ముప్ఫై దాటేదాకా ఆ విషయం కంటపడలేదంటే సిగ్గుగానే ఉంది.

బఫేలో తప్పిపోయిన మారు

ఇప్పుడు పెళ్లికి వెళ్తే బంతి ఒక మూల, బఫే మూడు మూలలు. ఉన్న చోటికి మనమే పళ్లెం పట్టుకుని వెళ్లాలి. అక్షరాలా సెకండ్స్ పద్ధతి. పద్ధతి వచ్చింది కానీ ఆ మాట వెనకున్న చొరవ మనకి రాలేదు. రెండోసారి లైన్లో నిలబడితే ‘మళ్లీ వచ్చాడురా’ అనుకుంటారేమోనని మొహమాటం. అందుకని ఏం చేస్తాం? మొదటి విడతలోనే బిర్యానీ మీద పులిహోర, దాని మీద గారె, దాని పక్కన జిలేబీ, జిలేబీ మీదికి పారే పెరుగుపచ్చడి. అందులో సగం బుట్టలోకి. జనం మర్యాద మర్చిపోయారని పెద్దలు విసుక్కుంటారు. నాకైతే వేరేలా తోస్తుంది. మారు తెచ్చే మనిషి ఇక రాడని మన చేతికి తెలిసిపోయింది. అందుకే మారు కూడా మొదటిసారే వేసుకుంటోంది. ఆ లైన్లో నిలబడలేని ముసలాళ్లు పెళ్లింట్లో అరకడుపుతో కూర్చుంటున్న సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

హోటళ్లు ఈ చిక్కుని డబ్బుతో విప్పేశాయి. ప్లేట్ మీల్స్ అంటే మారు లేదు, ఫుల్ మీల్స్ అంటే ఎన్ని మార్లయినా. మొహమాటం ధర ముందే బిల్లులో కలిసిపోయింది కాబట్టి అక్కడ ఎవడూ చేతులు అడ్డం పెట్టడు! బార్లో ‘రిపీట్’ అంటారు. హైదరాబాద్ హోటల్లో ఒక టీని ఇద్దరు పంచుకుంటే ‘వన్ బై టూ’. మారుకి పూర్తిగా ఎదురు మాట ఇది. ఇంతకంటే ఆప్యాయమైన భాగహారం నేను చూడలేదు.

సర్కారు బడుల్లో మధ్యాహ్నం పూట పిల్లలు పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఆ మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కోనసీమలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టి, 1909లో కన్నుమూసిన మహా ఇల్లాలు ఆవిడ. నేను చూసిన ఒక బడిలో వంట చేసే ఆవిడ పిల్లల్ని లైన్లోకి మళ్లీ రానివ్వకుండా తనే బేసిన్ చంకన పెట్టుకుని వరండా అంతా తిరిగింది, ‘ఎవరికిరా, ఎవరికి?’ అంటూ. అన్నానికీ పప్పుకీ మారు ఉంది. గుడ్డుకి లేదు. ఆ సంగతి పిల్లలకి బాగా తెలుసు. గుడ్డు చివర్న తింటున్నారు.

తెల్లవాళ్లంతా వద్దంటే వద్దనుకునే రకమేనని నేను చాన్నాళ్లు నమ్మాను. ఆ నమ్మకాన్ని మిన్నెసోటా పాడుచేసింది. అమెరికా ఉత్తరాన, చలి రాష్ట్రం. హోవర్డ్ మోర్ అనే హాస్య రచయిత 1987లో ‘హౌ టు టాక్ మిన్నెసోటన్’ అని పుస్తకం రాశాడు. అక్కడివాళ్ల ఇంట్లో ఏదైనా పెడతామంటే మొదటి రెండుసార్లు వద్దనాలట, మూడోసారికి ఒప్పుకోవాలట. చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. నా ఖర్మ కాకపోతే ఆ థాంక్స్‌గివింగ్ ఒహాయోలో కాకుండా కొన్ని రాష్ట్రాలు అవతల జరగకూడదా!

పోయిన వేసవిలో న్యూజెర్సీలో మా అక్కవాళ్లింటికి అమ్మని తీసుకెళ్లాను. అక్క కొడుకుకి పన్నెండేళ్లు, అక్కడే పుట్టాడు. ఆ ఆదివారం వాడే పాన్‌కేకులు వేశాడు. అమ్మకి రెండు పెట్టాడు. తిన్నది. వాడు పళ్లెం పట్టుకుని వచ్చి అడిగాడు.

“సెకండ్స్, అమ్మమ్మా?”

“వద్దు నాన్నా, చాలు.”

వాడు సరేనని వెనక్కి తిరిగాడు. నేను పేపరు చాటునుంచి చూస్తున్నాను. అమ్మ కుర్చీలోంచి లేవలేదు, చెయ్యి కడుక్కోలేదు. వాడు పొయ్యి దాకా వెళ్లి, ఏం తోచిందో, మళ్లీ వచ్చాడు.

“ష్యూరా, అమ్మమ్మా?”

“వద్దురా, నువ్వు తిను.”

వాడు పళ్లెం వైపు చూశాడు, ఆవిడ చేతివైపు చూశాడు. ఈసారి అడగలేదు. పెద్దదాన్ని ఎంచి ఆవిడ పళ్లెంలో వేసేశాడు.

“అయ్యో, ఎందుకురా ఇంత!” అంది అమ్మ. “ఆ తేనె సీసా ఇలా పడెయ్.”